విషం లేదని చెప్పిన పొద్దు

పోయిన నెలలో మా ఇంటికి ఇద్దరు వచ్చారు. నారాయణఖేడ్ అటవీశాఖలో కొత్తగా చేరిన బీట్ ఆఫీసర్లు, ఒకబ్బాయి, ఒకమ్మాయి. "సార్, పాములు పట్టుడు మీ కాడ నేర్సుకుందామని వచ్చినం" అన్నారు. చాయ్ చల్లారే లోపల నేర్పేశాను. కొక్కెం కర్రతో నడుం కింద ఎత్తాలి. తోక పట్టుకుని వేలాడదీయకూడదు. గుడ్డసంచి మూతికి పైపు పెడితే చీకటి చూసి అదే లోపలికి దూరుతుంది. విద్య అంతే. ఇద్దరూ చిన్నబుచ్చుకున్నారు. ఇన్నేళ్ల పేరున్న పాముల సారు అసలు కిటుకు దాచుకున్నాడని అనుకుని ఉంటారు.

దాచుకున్నది ఉంది. అది కిటుకు కాదు. వాళ్లు బండెక్కి వెళ్లిపోయాక కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. నాకు ఏ ఏడు ఏ హోదా వచ్చింది, ఎన్ని ఊళ్లు తిప్పారు అన్నది ఇందులో ఉండదు. ఈ ఉద్యోగంలో నేను సిగ్గుపడే సంగతులే రాస్తాను. పెద్దది రాయడానికి చెయ్యి రావడం లేదు కాబట్టి ముందు చిన్నవి.

రేంజర్ సార్ మాట

నేను చేరినప్పుడు మా రేంజర్ సార్‌ది కరీంనగర్ వైపు. నోరు తెరిస్తే తిట్టే. నా మొదటి పాము ఒక కందుల గోదాంలో దొరికింది, నిలువెత్తు నాగుపాము. బస్తాల సందులోంచి తీసి సంచిలో వేశాను. చుట్టూ జనం చప్పట్లు కొట్టారు. రేంజర్ సార్ నా వంక చూడనైనా లేదు. అంతసేపూ లాఠీ అడ్డం పెట్టి జనాన్ని వెనక్కి నెడుతూనే ఉన్నాడు.

జీపు ఎక్కాక అడిగాను, ఎట్లా పట్టాను సార్ అని.

"పామును పట్టుడు పని గాదురా. మందిని దూరం నిలవెట్టుడు పని. పాముదేముంది, సందు దొరికితే అదే పోతది" అన్నాడు. కొంచెం దూరం పోయాక మళ్లీ తనే అన్నాడు: "ఇంకోటి ఇను. తెల్వకపోతే తెల్వదని చెప్పు. పాముకు ఇజ్జత్ ఉండది. నీకే ఉంటది. గదే కొంప ముంచుతది."

ఆయన మాట విన్నాను. చెవికి ఎక్కింది గానీ తలకు ఎక్కలేదు. ఆ రోజు నాకు వినిపించింది చప్పట్లే.

ఫోటోల కోసం

ఫోన్లలో కెమెరాలు వచ్చాక నాకు పిచ్చి ముదిరింది. ఏ ఊళ్లో పాము పట్టినా నలుగురిలో నిలబడి పైకెత్తి చూపించేవాణ్ణి. నాగుపాము అయితే చెయ్యి ఆడించి పడగ విప్పించేవాణ్ణి. దీనికి అవగాహన కార్యక్రమం అని పేరు పెట్టుకున్నాను. పాములాడించి పొట్ట పోసుకునేవాళ్ల మీద కేసులు రాసింది కూడా నేనే. వాళ్లకు బుట్ట ఉండేది, నాకు యూనిఫాం ఉండేది. తేడా అంతే.

ఒకసారి బస్టాండు వెనక పెద్ద జెర్రిపోతు దొరికింది. ఎలుకలు తినే పాము, విషం లేదు, రైతుకు మేలు చేసేదే. అందరూ ఫోటో దిగేదాకా దాన్ని తోక పట్టుకుని వేలాడదీశాను. తీరా వదిలేద్దామని సంచి విప్పితే దాని వెనక సగం కదల్లేదు. వెన్ను సాగిపోయింది. సాయంత్రానికి చచ్చిపోయింది. ఆఫీసు వెనక గుంత తీసి పూడ్చాను, ఎవరికీ చెప్పలేదు. మరునాడు ఆ ఫోటో ఊరంతా తిరిగింది, కింద నాకు దండాలు పెట్టిన బొమ్మలతో.

ఇంకొకటి, నేను పాములను వదిలిన తీరు. నాలుగు మండలాల్లో ఎక్కడ పట్టినా కంగ్టి తోవలో ఉన్న ఒకే గుట్ట మీదికి తెచ్చి వదిలేవాణ్ణి. అడవి ప్రాణిని అడవికి చేర్చానని సంబరం. ఒకరోజు అక్కడ గొర్లు కాసే పెద్దమనిషి ఆపాడు.

"సార్, నువ్వు తెచ్చి ఇడిసిన పాములు వారం తిరగకముందే బండల మీద ఎండి కనవడ్తున్నయి. ఏడ పట్టినవో గాడనే జర అవతల ఇడవరాదు? దానికి బొక్కలు ఎర్క, నీళ్లు ఎర్క. గీడ దానికి ఏం తెలుస్తది?"

చదువుకున్నది నేను, పాము సంసారం తెలిసింది ఆయనకు. అప్పటి నుంచి పట్టిన చోటుకు నడిచిపోయే దూరంలోనే వదిలాను. ఇంటివాళ్లు ఒప్పుకోరు కదా అని మీరు అడుగుతారు. ఒప్పుకోరు. ఒప్పించడానికే మనకు జీతం ఇస్తారు.

జెండా పండుగ పొద్దు

ఇక పెద్దది.

మనూర్ మండలంలో ఒక ఊరు. పేరు రాయను, ఆ ఊరికి నావల్ల జరిగింది చాలు. అక్కడ బస్వరాజ్ అని ఒక రైతు, కందులు, పత్తి వేస్తాడు. ఆయన భార్య సంగమ్మ. ఒక్కతే బిడ్డ భాగ్య, అప్పుడు ఐదో తరగతి. వాళ్ల కొట్టంలో ఒకసారి నాగుపామును పట్టి నా నంబరు ఇచ్చి వచ్చాను. పాము కనబడితే కొట్టి చంపొద్దు, ఫోటో తీసి నాకు పంపండి, విషం ఉన్నదా లేదా ఒక్క నిమిషంలో చెప్తాను అని ఊరూరా చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. ఫోటో రాగానే తడుముకోకుండా చెప్పడం నాకు పెద్ద గొప్ప.

అదే ఊళ్లో మహబూబ్ తాత ఉంటాడు. మంచాలు అల్లడం ఆయన పని. తేలు కుట్టినా పాము కరిచినా జనం ఆయన దగ్గరికే పోయేవాళ్లు. దువా చదివి ఊది, తాడు కట్టి పంపేవాడు. మా మీటింగులో ఒకసారి ఆయన్ను ఊరందరి ముందు నిలబెట్టి, "గీయిన కాడికి పోతే మనిషి పోయి పీనుగ వస్తది" అన్నాను. జనం నవ్వారు. తాత మీటింగు అయిపోయేదాకా అక్కడే కూర్చుని అంతా విన్నాడు. తర్వాత తువ్వాల భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ ఏడు జెండా పండుగకు ఖేడ్‌లో నాకు సన్మానం. ఇస్త్రీ చేసిన ఖాకీ బట్టలు వేసుకుని స్కూలు మైదానంలో ముందు వరసలో కూర్చున్నాను. ఫోటోలో ముసలివాడిలా పడతానని కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను. ఇంకా జెండా ఎగరలేదు, ఫోన్ మోగింది. ముందు ఫోటో వచ్చింది, వెంటనే బస్వరాజ్ మాట.

"సార్, నా భార్య రాత్రి నేల మీద చాపేసుకుని పండుకున్నది. పొద్దుగాల చాప దులిపితే గీ పాము పడ్డది. చంపినం. కరిసిన గాటు గిట్ల ఏం కనవడ్తలేదు. గని కడుపుల నొస్తుందంటుంది. రెండుసార్లు కక్కింది."

ఎండ నేరుగా ఫోన్ మీద పడుతోంది. కళ్లు చికిలించి చూశాను. నల్లటి పాము, తెల్లటి కట్లు. తల వైపు కర్రతో చితకబాదారు.

"గది ఉత్తగ గోడలెక్కే పాము బస్వరాజ్. కట్లపాము లెక్కనే కనవడ్తది గని ఇషం ఉండది. ఏం గాదు."

"మరి కడుపునొప్పి సార్?"

"భయానికి గట్లనే అయితది."

"మహబూబ్ తాత వచ్చి చూసిండు సార్. గిది ఊదుడు గీదుడుతోని అయ్యేది గాదు, జల్దీ దవాఖానకు తీస్కపొమ్మంటుండు."

ఆ పేరు వినేసరికి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన అన్న మాటలో తప్పు ఏమిటని ఒక్క క్షణం కూడా చూడలేదు. ఆయన అన్నాడు కాబట్టి తప్పు.

"పాముల సంగతి నాకెర్కనా, గా ముసలాయినకా? ఆమెను పరేషాన్ చెయ్యకుండ్రి. జర మజ్జిగ తాపి పండవెట్టు. నేను చెప్తున్న గద, ఏం గాదు."

"మీరు చెప్పినంక ఇగ భయం లేదు సార్" అన్నాడు బస్వరాజ్. వాడి గొంతులో బరువు దిగిపోయింది, స్పష్టంగా వినిపించింది.

జెండా ఎగిరింది. నా పేరు పిలిచారు. మెడలో దండ వేసి శాలువా కప్పారు. బూందీ పొట్లం ఇచ్చారు. రెండు గంటలు గడిచాక మళ్లీ ఫోన్.

"సార్, రెప్పలు లేస్తలెవ్వు. మాట ముద్దగ వస్తుంది."

అప్పుడు కళ్లద్దాలు పెట్టుకున్నాను. రెండు వేళ్లతో ఫోటో పెద్దది చేశాను. సన్నటి కట్లు, జంటజంటగా, తోక వైపు స్పష్టంగా. తల వైపు లేనే లేవు. నేను చెప్పిన పాముకు సరిగ్గా తలకిందులు, దానికి మెడ దగ్గర వెడల్పుగా ఉండి తోకకు పోను పోను మాసిపోతాయి. ఇది కట్లపాము. నేల మీద నిద్రపోయేవాళ్లను కరుస్తుంది, గాటు కనిపించదు, నొప్పి తెలియదు, తెల్లారేసరికి కడుపునొప్పి, వాంతులు, తర్వాత రెప్పలు వాలిపోతాయి. ఈ పాఠం ప్రతి ఊళ్లో నా నోటితో చెప్పిందే. బస్వరాజ్ ఫోన్‌లో ఒక్కొక్క గుర్తూ నాకు వరసగా అప్పజెప్పాడు. శాలువా మీద ధ్యాసలో ఉన్న నాకు వినిపించలేదు.

వెంటనే దవాఖానకు బయలుదేరమని ఫోన్‌లో అరిచాను. ఆమెను ఆటోలో ఖేడ్ దవాఖానకు తెచ్చారు. నేను అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉన్నాను. డాక్టరు విషానికి మందు ఎక్కించి, ఊపిరి అందడం లేదని పెద్ద దవాఖానకు పంపాడు. అంబులెన్సులో డ్రైవరు పక్కన నేను, వెనక ఆమె కాళ్లు పట్టుకుని బస్వరాజ్. జోగిపేట చేరకముందే సంగమ్మ చనిపోయింది. ఉదయం నేను ఫోన్‌లో "బండెక్కించు" అని ఒక్క మాట అని ఉంటే బతికేదని ఇప్పటికీ నా నమ్మకం.

ఆమె చేతి తాడు

పెద్ద దవాఖాన ముందు ఒక పోలీసు జమాను వచ్చి బస్వరాజ్‌ను అడిగాడు: "ఎందుకు గింత లేట్ జేసిండ్రు? మంత్రం గింత్రం పెట్టిచ్చిండ్రా?"

బస్వరాజ్ నా వైపు చూశాడు. నేను ఆమె చేతి వైపు చూశాను. మణికట్టుకు నల్లదారం ఉంది.

"తాడు కట్టిండ్రు గద, కనవడ్తలేదా?" అన్నాను.

అన్నది నేనే. ఎవరూ నా నోట్లో పెట్టిన మాట కాదు. బస్వరాజ్ తల దించుకున్నాడు. జమాను రాసుకున్నాడు. మరునాడు మూఢనమ్మకానికి మహిళ బలి అని వార్త వచ్చింది. మహబూబ్ తాతను స్టేషన్‌కు పిలిచి పొద్దున్నుంచి సాయంత్రం దాకా గేటు బయట కూర్చోబెట్టారు. ఇక మీదట ఊదనని వేలిముద్ర వేయించుకున్నారు. ఊళ్లో పిల్లలు ఆయనకు నమస్తే పెట్టడం మానేశారు.

దొంగే దొంగ దొంగ అని అరిచినట్టు, ఆ కథను నేను నాలుగేళ్లు స్కూళ్లల్లో చెప్పాను. మంత్రాన్ని నమ్మి ఒక తల్లి ఎలా చనిపోయిందో, గొంతు తగ్గించి, మధ్యలో ఆగి, పిల్లల కళ్లల్లో నీళ్లు తిరిగేలా చెప్పేవాణ్ణి. అబద్ధమైనా మంచికే ఉపయోగపడుతోందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇలాంటి సర్దుబాట్లకు మనిషి దగ్గర ఎప్పుడూ కొదవ ఉండదు.

ఒక్కటి మాత్రం మానేశాను. ఎవరైనా ఫోటో పంపితే పాము పేరు చెప్పేవాణ్ణి కాదు, ముందు దవాఖానకు బయలుదేరండి అనేవాణ్ణి. జాగ్రత్తపరుడని దానికీ మెచ్చుకున్నారు.

నేను ఉద్యోగం దిగిపోయే ఏడు మనూర్ హైస్కూల్లో అదే కథ చెప్పాను. గంట కొట్టాక ఒక అమ్మాయి వచ్చి నా ముందు నిలబడింది. తొమ్మిదో తరగతి.

"సార్, మీరు చెప్పినామె మా అమ్మ."

భాగ్య. ఐదో తరగతి పిల్లగా చూసినదాన్ని గుర్తుపట్టలేదు.

"మహబూబ్ తాత తాడు కట్టలే సార్. గది బోరంచ నల్లపోచమ్మ కాడికి పోయినప్పుడు కట్టుకున్నది. నాకు గూడ కట్టింది, సూడుండ్రి." మణికట్టు చాపింది. రంగు వెలిసిన దారం, అలాంటిదే. "తాత మా అమ్మ కక్కుడు చూసి, బండి మాట్లాడు బస్వరాజ్ అన్నడు. గంతే. మా అమ్మను ముట్టనే లేదు. ఫోన్ల ఎవలో వద్దన్నరట సార్. ఎవలని అడిగితే నాయిన చెప్తలేడు."

తాడును చూసి పాము అనుకున్నారని మనం జనాన్ని చూసి నవ్వుతాం. నేను పామునూ సరిగ్గా చూడలేదు, తాడునూ సరిగ్గా చూడలేదు.

ఆ పిల్ల కళ్లెత్తి నన్నే చూస్తోంది. అందులో అనుమానం లేదు, పాముల సారుకు అన్నీ తెలుసు కాబట్టి ఇదీ తెలిసి ఉంటుందని అడుగుతోంది. "క్లాసుకు పో బిడ్డా" అన్నాను. జీపు ఎక్కి వచ్చేశాను. సంగమ్మ విషయంలో చేసింది పొరపాటని, తాత విషయంలో చేసింది పిరికితనమని ఎవరైనా నా తరఫున వాదించవచ్చు. ఆ పిల్ల ముందు చేసినదానికి నా దగ్గర పేరు లేదు.

మంచాలు

రిటైరైన వారానికి ఆ ఊరు పోయాను. మహబూబ్ తాత ఇంటి ముందు మంచం అల్లుతున్నాడు. కూర్చోమనలేదు. నేనే కింద కూర్చున్నాను.

"తాత, గా పొద్దు ఫోన్ల వద్దన్నది నేనే."

"ఎర్కనే. బస్వరాజ్ పక్కనే నిలవడ్డ. నీ మాటలన్నీ ఇనవడ్డయి."

గా ముసలాయినకా, అన్న మాట కూడా విన్నాడన్నమాట. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"మరి స్టేషన్‌ల ఎందుకు చెప్పలే?"

"చెప్తె నమ్ముతుండెనా? నువ్వు ఖాకీ బట్టలోనివి, నేను ఊదేటోన్ని." తాడు లాగి ముడి బిగించాడు. "కోపం లేదనుకోకు సారు. గేటు ముంగట కూసున్న దినం నిన్ను మస్తు తిట్టుకున్న. నా ఊదుడు ఇద్దె ఏందో నాకెర్క. ఇషం లేని పురుగు ముడితే మనిషికి ధైర్యం జెప్తది, గంతే. రెప్పలు వాలినోల్లను నేనెన్నడు ఆపలే. ఊది ఆపినోన్ని గాదు నేను."

"తప్పయింది తాత. మాఫ్ చెయ్యి."

"నాకు చెప్పుడెందుకు? నాకెర్కనే ఉండె. గా పిల్లకు ఎర్క లేదు." అంటూ తాడు కొస నా వైపు విసిరాడు. "ఊకె కూసునుడెందుకు, గట్టిగ గుంజు."

గుంజాను. ఈ మంచం ఎవరికి అని అడిగాను.

"ఎవలు నేల మీద పంటుండ్రో ఆళ్లకు. గా నాటి సంది ఇల్లిల్లు చూసి అల్లుతున్న. మొదటిది భాగ్యకే. మంచమెక్కి పంటె కట్లపాము ముట్టదు అని నువ్వే చెప్పినవు గద, గా మీటింగుల."

ఆయన్ను నలుగురిలో నవ్వులపాలు చేసిన మీటింగు అది. నా మాటల్లో పనికొచ్చేది ఒక్కటి ఏరుకుని ఆయన ఇంటికి తీసుకుపోయాడు. ఆ ఊళ్లో పాముకాటు తగ్గితే నా ఉపన్యాసాల వల్లేనని ఇన్నాళ్లూ అనుకున్నాను.

అక్కడి నుంచి బస్వరాజ్ చేను దగ్గరికి పోయాను. బిడ్డకు నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగితే కంది చెట్లవైపు తిరిగాడు.

"వద్దన్నది నువ్వు. పండవెట్టింది నేను. నీ పేరు చెప్తె నా పేరు గూడ చెప్పాలె గద సార్" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నాలుగేళ్లుగా వాడు మోస్తున్నది సగం నాది.

"నేను చెప్తా బస్వరాజ్. నీ పేరు నువ్వు చెప్పుకునుడు నీ ఇష్టం. నా పేరు నేను చెప్పుకుంట."

ఆ సాయంత్రమే వాళ్ల గడపలో కూర్చుని భాగ్యకు చెప్పాను. తాత అల్లిన మంచం మీద కూర్చుని విన్నది. పూర్తయ్యాక లేచి లోపలికి పోయింది, మళ్లీ బయటికి రాలేదు. నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు, అడగను కూడా. వచ్చేస్తుంటే లోపలి నుంచే అన్నది: "బడిల గూడ చెప్పుండ్రి సార్. గాడ తాతను తిట్టిండ్రు గద."

మరో వారానికి హెడ్‌మాస్టరును అడిగి ప్రార్థన వేళ పది నిమిషాలు తీసుకున్నాను. తాతను రమ్మన్నాను. మంచం సగంలో ఉంది, రానన్నాడు. నేను అబద్ధం చెప్పిన అదే బడి, అవే వరసలు. భాగ్య తన వరసలో కూర్చుంది. కట్లపాము ఎట్లా ఉంటుందో చెప్పాను. సంగమ్మ గురించి చెప్పాను. దవాఖానకు పొమ్మన్నది మహబూబ్ తాత, వద్దన్నది నేను, నింద తాత మీద వేసి ఆయన్ను స్టేషన్ గేటు ముందు కూర్చునేలా చేసింది కూడా నేను అని చెప్పాను. ఈసారి గొంతు తగ్గించలేదు, మధ్యలో ఆగలేదు.

ముందు వరసలో ఒక చిన్న పిల్ల చెయ్యెత్తింది. ఆరో తరగతి ఉంటుంది.

"సార్, మరి పోలీసోల్లు తాతను కూసోవెట్టిండ్రు గద. మిమ్ముల ఏం జేసిండ్రు?"

"శాలువా కప్పిండ్రు బిడ్డా" అన్నాను.